వంటింటి సామాను విలువ: 14,34,975 డాలర్లు

అంచులు నలిగి గోధుమరంగుకు తిరిగిన ఒక అట్ట. 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు. పైన చేత్తో దిద్దిన పెద్దక్షరాల్లో శీర్షిక. జార్జియా రాష్ట్రంలో నల్లజాతి వాళ్ళకున్న ఇంటి సామాను, వంటింటి సామాను విలువ, పన్ను లెక్కల ప్రకారం ఎంతో చెప్పే బొమ్మ అది. శీర్షిక కింద గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుపోయిన ఆరు రంగుల పట్టీలు. ఒక్కో పట్టీ దగ్గర ఒక సంవత్సరం, ఒక అంకె. 1875లో 21,186 డాలర్లు. 1880కి 4,98,532. 1885కి 7,36,170. 1890కి 11,73,624. 1895కి 13,22,694. 1899కి 14,34,975.

అంటే మంచాలూ బల్లలూ కుర్చీలూ అన్నమాట. ఇంత మామూలు వస్తువుల లెక్కకి ఇంత వింతైన బొమ్మ ఎందుకు వేశారు?

వేయించింది డబ్ల్యూ. ఈ. బి. డు బోయ్స్. 1900లో ప్యారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం, అట్లాంటా యూనివర్సిటీలో తన విద్యార్థులనీ పూర్వ విద్యార్థులనీ కూర్చోబెట్టి, సిరాతో, నీటిరంగులతో ఇలాంటివి అరవై దాకా తయారు చేయించాడు. ఇప్పుడు అవన్నీ అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మంచి స్కాన్లు ఎవరైనా చూడొచ్చు. నేను ఇంజనీరింగ్ అయ్యాక డేటా విజువలైజేషన్ నేర్చుకుంటున్న రోజుల్లో మొదటి పాఠంలో వినపడ్డ పేర్లు ప్లేఫెయిర్, నైటింగేల్, మినార్. డు బోయ్స్ పేరు ఆ జాబితాలో లేదు. ఆయన నాకు ముందు రచయితగా తెలుసు, చాలా ఏళ్ళ తర్వాతే ఈ అట్టల సంగతి తెలిసింది. 2018లో విట్నీ బాటిల్-బాప్టిస్ట్, బ్రిట్ రూసర్ట్ సంపాదకత్వంలో ఇవన్నీ పుస్తకంగా వచ్చాక నాలాంటి వాళ్ళు చాలామంది వీటిని కొత్తగా చూశారు.

ఆ సామాను లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పాలి. జార్జియా ప్రభుత్వం పన్ను రికార్డుల్లో తెల్లవాళ్ళ ఆస్తి ఒక పద్దు కింద, నల్లవాళ్ళ ఆస్తి ఇంకో పద్దు కింద వేరుగా రాసేది. ఎంత భూమి, ఎన్ని పశువులు, ఎంత సామాను, అన్నీ వేరు. ఆ విడదీయడం వెనక సదుద్దేశం ఉందని ఎవరూ అనుకోనక్కర్లేదు. కానీ విడదీసి రాసిన లెక్క ఒకసారి కాగితం మీదికొచ్చాక ఎవరైనా వాడుకోవచ్చు కదా. డు బోయ్స్ అదే చేశాడు. ఇంకో సంగతి కూడా ఉంది, నన్ను ఈ బొమ్మ దగ్గర ఆపేసింది అదే. 1865కి ముందు అదే రాష్ట్రపు పన్ను పుస్తకాల్లో ఆస్తి అనే పద్దు కింద భూమితో పాటు బానిసల సంఖ్య, వాళ్ళ విలువ కూడా రాసేవాళ్ళు. 1875లో ఒక నల్లజాతి రైతు తన పేరు మీద ఒక మంచం, రెండు కుర్చీలు రాయించుకున్నాడంటే, పదేళ్ళ క్రితం దాకా అదే పుస్తకంలో ఆ మంచం పక్కన రాయాల్సిన వస్తువు అతనే. ఆ మొదటి 21,186 డాలర్లని అలా చదవాలి.

(ఈ అట్టల మీద వాడిన మాట ‘నీగ్రో’. అప్పట్లో పత్రికలు ఆ మాటని చిన్న ఎన్‌తో వేసేవి, డు బోయ్స్ పెద్ద ఎన్ కోసం పట్టుబట్టేవాడు. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు కాబట్టి ఆ గొడవ తెలుగులో రాస్తే మాయమైపోతుంది. నేను నల్లజాతి వాళ్ళు అనే రాస్తున్నాను.)

డు బోయ్స్ 1868లో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో పుట్టాడు. అంటే బానిసత్వం రద్దయ్యాక. బెర్లిన్‌లో రెండేళ్ళు చదివి, 1895లో హార్వర్డ్ నుంచి పిహెచ్‌డీ తెచ్చుకున్నాడు. అక్కడ ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 1896లో ఫిలడెల్ఫియాలో సెవెన్త్ వార్డ్ అనే పేటలో కాపురం పెట్టి, ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏం పని చేస్తున్నారు, అద్దె ఎంత కడుతున్నారు, ఎంతమంది చదువుకున్నారు అని రాసుకున్నాడు. చార్లెస్ బూత్ లండన్ పేదరికం మీద, షికాగో హల్-హౌస్ వాళ్ళు తమ పేట మీద వేసిన రంగుల మ్యాపుల పద్ధతిలోనే ఈ పేటకీ మ్యాపు వేశాడు. అప్పట్లో ఆయనకొక నమ్మకం ఉండేది. జాతి గురించి లోకం తప్పుగా ఆలోచించడానికి కారణం దానికి సరిగ్గా తెలియకపోవడమేనని, తెలియజెప్తే తీరిపోతుందని. ఇంజనీర్లకి ఈ నమ్మకం బాగా అర్థమవుతుంది. డాష్‌బోర్డు సరిగ్గా ఉంటే మీటింగులో అందరూ ఒప్పుకుంటారని మేమూ అనుకుంటాం.

1897లో ఆయన అట్లాంటా వచ్చాడు. 1899 ఏప్రిల్‌లో, అట్లాంటాకి నలభై మైళ్ళ దూరంలో ఉన్న న్యూనన్ దగ్గర, శామ్ హోస్ అనే కూలీని జనం చంపేశారు. తెల్ల యజమానిని చంపాడని అతని మీద ఆరోపణ. కేసు లేదు, విచారణ లేదు. వేలమంది చూస్తుండగా కోసి, తగలబెట్టారు. అట్లాంటా నుంచి రైళ్ళెక్కి వెళ్ళారు జనం ఆ తమాషా చూడ్డానికి. డు బోయ్స్ ఈ వ్యవహారం మీద నెమ్మదైన భాషలో ఒక ఉత్తరం రాసుకుని, స్థానిక దినపత్రిక ఆఫీసుకి నడిచి బయల్దేరాడు. దారిలో ఎవరో చెప్పారు. హోస్ వేలి కణుపులు అదే వీధిలో కాస్త ముందున్న కిరాణా కొట్టులో ప్రదర్శనకి పెట్టారని. ఆయన వెనక్కి తిరిగి యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. మనుషుల్ని ఇలా చంపుతుంటే చల్లగా, నిమిత్తమాత్రుడిగా శాస్త్రం చేస్తూ కూర్చోవడం కుదరదని ఆ రోజు అనిపించిందని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మరుసటి నెల, మే 1899లో, ఏడాదిన్నర కొడుకు బర్గార్ట్ గొంతువాపు జబ్బు, అదే డిఫ్తీరియాతో పోయాడు.

అదే ఏడాది చివర ప్యారిస్ పని మీద పడింది. టామస్ కాలోవే అనే లాయరు, డు బోయ్స్ పాత స్నేహితుడు, నల్లజాతి అమెరికన్ల మీద ఒక ప్రదర్శన ప్యారిస్‌లో ఉండాల్సిందేనని పట్టుబట్టి అమెరికన్ కాంగ్రెస్ చేత 15,000 డాలర్లు మంజూరు చేయించుకున్నాడు. డు బోయ్స్‌కి దొరికిన వ్యవధి కొద్ది నెలలు. గ్రాఫులు ఒక్కటే కాదు. జార్జియా నల్లజాతి వాళ్ళ ఫోటోలు మూడు వందల పైచిలుకు ఆల్బములుగా అంటించాడు. ఆ రాష్ట్రంలో నల్లవాళ్ళ మీద పెట్టిన చట్టాలన్నిటినీ మొదట్నుంచీ చేత్తో ఎత్తిరాయించి మూడు సంపుటాలు కట్టించాడు. పని ముగిసేసరికి ఆరోగ్యం దెబ్బతినే దాకా వచ్చింది, చేతిలో డబ్బూ లేదు. అట్లాంటిక్ దాటడానికి ఓడలో అన్నిటికన్నా చౌకగా దొరికే అడుగు తరగతి టికెట్టు కొనుక్కుని వెళ్ళాడు.

ప్రదర్శన సెయిన్ నది ఒడ్డున ‘సామాజిక ఆర్థిక వ్యవస్థ’ భవనంలో పెట్టారు. అదే ఊళ్ళో, అదే ప్రదర్శనలో, ట్రొకదేరో దగ్గర ఫ్రెంచి వాళ్ళు తమ వలసల విభాగం పెట్టి, ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని కట్టుడు గుడిసెల్లో కూర్చోబెట్టి చూపిస్తున్నారు. ఆ ఏడు ప్యారిస్ వచ్చిన అయిదు కోట్ల జనం నల్లవాళ్ళని చూడాలంటే దొరికే చూపు ఎక్కువగా అదే. ఈ అట్టల్ని గోడకి బిగించిన చట్రాల్లో కీళ్ళ మీద తిరిగే రెక్కల్లా అమర్చారు. పుస్తకం పేజీ తిప్పినట్టు చూసేవాళ్ళు చేత్తో తిప్పుకుంటూ చదవాలి. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు పని ఉంది.

ఇప్పుడు ఇంకో అట్ట. బహుశా అన్నిటిలోకీ ఎక్కువ పేరొచ్చింది ఇదే. 1890లో జార్జియా నల్లజాతి జనం పట్నాల్లో ఎంతమంది, పల్లెల్లో ఎంతమంది అన్నది విషయం. 10,000 దాటిన పట్నాల్లో 78,139 మంది. 5,000 నుంచి 10,000 దాకా ఉన్న ఊళ్ళలో 8,025. 2,500 నుంచి 5,000 దాకా ఉన్న వాటిలో 37,699. ఇక పల్లెల్లో, పొలాల మధ్య 7,34,952. మనలో ఎవరికి ఇచ్చినా నాలుగు నిలువు బార్లు గీసి పక్కన పెడతాం. డు బోయ్స్ బృందం ఏం చేసిందంటే, పైన ఒక ఆకుపచ్చ పట్టీ తిన్నగా గీసి, దాని చివర్నుంచి నీలం, తర్వాత పసుపు పట్టీలని వంకరగా కిందకి మడిచి, ఆ పసుపు కొస నుంచి మొదలయ్యే ఎరుపుని ఒక పెద్ద చుట్టగా తిప్పేసింది. అట్ట సగానికి పైగా ఆ ఎర్ర చుట్టే. చూడగానే కళ్ళు దాని మీదే పడతాయి.

లెక్క వేసి చూద్దాం. పల్లె జనం, అన్నిటికన్నా చిన్న అంకెకి 91 రెట్లకన్నా ఎక్కువ. స్క్రీన్ మీద పెద్ద బారుకి 1,000 పిక్సెళ్ళు ఇస్తే చిన్నదానికి వచ్చేది 11. పక్కనున్న బటన్ మందం కూడా ఉండదు. 28 అంగుళాల అట్ట మీద పెద్ద బారు 25 అంగుళాలు గీస్తే చిన్నది పావు అంగుళం. సరే, చిన్నదాన్ని కనీసం ఒక అంగుళం చేద్దామంటే పెద్దది ఏడున్నర అడుగులు కావాలి. అట్ట చాలదు. స్క్రీన్ అయితే స్క్రోల్ చెయ్యమంటాం, జూమ్ చెయ్యమంటాం, లేదా లాగరిథమిక్ స్కేల్ పెట్టి చేతులు దులుపుకుంటాం. లాగ్ స్కేల్ పెడితే ఈ నాలుగూ అన్నదమ్ముల్లా పక్కపక్కన నిలబడతాయి, చెప్పాల్సిన విషయం పోతుంది. అట్టకి ఈ సౌకర్యాలేవీ లేవు. అంచు వచ్చిందంటే వచ్చినట్టే. అంచు దగ్గర ఆగిపోకుండా గీతని వంచారు.

ఒక ఆదివారం నేనిది చేత్తో వేసి చూశాను. స్టేషనరీ షాపులో చార్ట్ పేపరు, పోస్టర్ కలర్లు కొని, నీలానికి ఒక అంగుళం అనుకుని మొదలుపెట్టాను. పసుపుకి నాలుగు ముప్పావు, ఆకుపచ్చకి దగ్గర దగ్గర పది. ఎరుపు కోసం పురికొసని ఏడున్నర అడుగులకి కొంచెం పైన కోసి, కాగితం మీద చుట్టలా పరిచి, దాని పక్కనే పెన్సిల్‌తో గీత లాక్కున్నాను. ఆకుపచ్చ, నీలం, పసుపు, మూడూ కలిపి పావుగంటలో అయిపోయాయి. ఎరుపు మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా అయింది. మధ్యలో కలిపిన రంగు అయిపోయి మళ్ళీ కలిపితే పాత రంగు రాలేదు. అసలు అట్టల స్కాన్లలో కూడా రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా కనిపిస్తూ ఉంటుంది. కుంచె ఎన్నిసార్లు ముంచాం, నడుం ఎంత నొప్పెట్టింది అన్నవి ఆ అంకెల నిష్పత్తిలోనే ఉంటాయి. కోడ్‌లో 8,025కీ 7,34,952కీ పట్టే సమయం ఒకటే. చేతికి అలా కాదు. వేసిన విద్యార్థుల్లో చాలామంది తల్లిదండ్రులు బానిసలుగా పుట్టినవాళ్ళే అయి ఉంటారు. ఆ ఎర్ర చుట్ట గీస్తూ, తమ వాళ్ళలో ఎంతమంది ఇంకా ఆ పత్తి చేల మధ్యే ఉన్నారన్నది వాళ్ళ మణికట్టుకి తెలిసి ఉంటుంది.

వీటిని తప్పుపట్టే వాళ్ళున్నారు. వంకర గీతనీ తిన్నని గీతనీ కన్ను పోల్చలేదు, చుట్టలో లోపలి వరస పొట్టిగా, బయటి వరస పొడుగ్గా అనిపిస్తుంది, కాబట్టి ఇది చెడ్డ గ్రాఫు అంటారు. ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో రాసిన పుస్తకం చదివి పెరిగిన మా తరం డిజైనర్లకి ఇది బైబిల్ వాక్యం లాంటిది. అనవసరమైన సిరా ఒక్క చుక్క కూడా ఉండకూడదు. ఈ అభ్యంతరం నిజమే కానీ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పోల్చడానికి అంకెలు పక్కనే రాసి ఉన్నాయి. బొమ్మ పని కొలవడం కాదు, ఆపడం. అయిదు కోట్ల మంది నడిచిపోయే చోట ఒక మనిషిని ఒక అట్ట ముందు ఆపడం.

మెచ్చుకునే వాళ్ళు ఇంకా విసిగిస్తారు. ‘బౌహౌస్‌కి ఇరవై ఏళ్ళ ముందే ఎంత మోడర్న్‌గా ఉన్నాయో’ అంటూ ఉంటారు. నిజమే, బౌహౌస్ మొదలైంది 1919లో. కానీ అట్లాంటాలో నల్లజాతి విద్యార్థులు చేసిన పనికి విలువ రావాలంటే జర్మనీ వాళ్ళ పని దానికి దగ్గరగా ఉండాలా?

చుట్టల్ని పక్కన పెడితే నాకు ఎక్కువ నచ్చేది ఎదురెదురు విసనకర్రల్లా గీసిన అట్ట. జార్జియాలో ఎవరు ఏ పనిలో ఉన్నారన్నది. పైన నల్లవాళ్ళ విసనకర్ర, కింద తెల్లవాళ్ళది. వ్యవసాయం రంగు రెండిట్లోనూ ఇంచుమించు సమానం, 62 శాతం, 64 శాతం. రెండో రంగు దగ్గరకొచ్చేసరికి కథ తేలిపోతుంది. ఇళ్ళల్లో పనిమనుషులుగా, సేవకులుగా ఉన్నవాళ్ళు నల్లవాళ్ళలో 28 శాతం, తెల్లవాళ్ళలో 5.5 శాతం. రెండు విసనకర్రల మధ్య రెండు పక్కలా ఖాళీ స్థలం వదిలారు, ఏ రంగు ఏ పనో చెప్పే పట్టిక అక్కడ. ఒక్క చూపులో పోలిక, సంజాయిషీ రెండూ వచ్చేస్తాయి. ఇంకో అట్ట మీద దేశం మొత్తంలో నల్లజాతి వాళ్ళలో స్వేచ్ఛగా ఉన్నవాళ్ళ శాతం. 1790 నుంచి 1860 దాకా 8 శాతానికీ 14 శాతానికీ మధ్యే కదలాడుతుంది. నల్లటి కొండలాంటి రంగు మీద పైన సన్నటి ఆకుపచ్చ అంచు. 1870 దగ్గర ఆ ఆకుపచ్చ ఒక్కసారిగా అట్ట కింద దాకా దూకి 100 అవుతుంది. దానికి ఏ వివరణా రాయలేదు, అక్కర్లేదు కూడా.

మళ్ళీ సామాను దగ్గరకి వస్తాను. ఆ చుట్ట చూసి మురిసిపోయాక, అలవాటు కొద్దీ, భాగహారం చేశాను. జనాభా లెక్కల్లో జార్జియా నల్లజాతి జనం 1880లో 7,25,133, 1890లో 8,58,815 (పైన పట్నాలు, పల్లెల నాలుగంకెలు కూడితే సరిగ్గా ఇంతే వస్తుంది, ఆ బృందం కూడికలో ఎక్కడా తప్పులేదు), 1900లో 10,34,813. సామాను విలువని తలకి పంచితే 1880లో 69 సెంట్లు. 1890లో 1 డాలరు 37 సెంట్లు. 1899 సామానుని 1900 జనానికి పంచితే 1 డాలరు 39 సెంట్లు.

మొదటి పదేళ్ళలో రెట్టింపు. తర్వాతి పదేళ్ళలో రెండు సెంట్లు.

పన్ను కోసం కట్టే విలువలు ఎప్పుడూ తక్కువగానే ఉంటాయి, 1893 ఆర్థిక సంక్షోభంలో అన్ని ధరలూ పడిపోయాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, చుట్ట చెప్పే కథకీ భాగహారం చెప్పే కథకీ మధ్య దూరం చిన్నది కాదు. చుట్ట తిరుగుతూనే ఉంది. మనిషి మాత్రం 1890ల్లో ఉన్నచోటే ఉన్నాడు. డు బోయ్స్‌కి ఇది తెలియదనుకోను. బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రం చదివినవాడు. తలసరి లెక్క వెయ్యడం ఆయనకి రెండు నిమిషాల పని. ఇక్కడ ఆయన మీద నాకు కొంచెం ఫిర్యాదు కూడా ఉంది. ఒక జాతి గౌరవానికి రుజువుగా కుర్చీలూ బల్లలూ చూపించడంలో, మేమూ మర్యాదస్తులమే చూడండి అని యూరప్ దొరలకి విన్నవించుకుంటున్న స్వరం ఒకటి ఉంది. ఏమీ లేనివాడు మనిషి కాదా అని అడగాలనిపిస్తుంది.

అయితే చట్రం రెక్క ఇంకొకటి తిప్పాలి. జార్జియా నల్లజాతి వాళ్ళకి పట్నాల్లో ఉన్న ఆస్తి విలువ 1870 నుంచి 1900 దాకా ఎలా మారిందో చూపే అట్ట ఒకటుంది. ఇది చుట్ట కాదు, మామూలు గళ్ళ కాగితం మీద మామూలు గీత. ఎక్కుతుంది, తడబడుతుంది, 1880ల్లో మళ్ళీ బాగా ఎక్కుతుంది, 1890ల్లో కిందకి వాలుతుంది. ఆ గీత పక్కన, గళ్ళ మధ్య, ఆయా సంవత్సరాల దగ్గర కొన్ని మాటలు రాసి ఉన్నాయి. మొదట్లో కు క్లక్స్ ముఠాల పేరు. తర్వాత రాజకీయ అశాంతి. 1880ల్లో కొత్త పరిశ్రమల రాక. 1890ల్లో లించింగ్, ఆర్థిక సంక్షోభం. చివర్న ఓటుహక్కు తీసేసిన చట్టాలు.

గ్రాఫు మీద ‘లించింగ్’ అని రాయడం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పే పద్ధతి కాదు. ఆ మాటకి అంకె లేదు, యూనిట్ లేదు. ఆస్తి పడిపోవడానికి అదే కారణమని రుజువు చేసే లెక్కా ఆ అట్ట మీద లేదు. మా ఆఫీసులో ఎవరైనా ఇలా రాస్తే రివ్యూలో కొట్టేయిస్తారు. కానీ ఏడాది క్రితం ఆ కిరాణా కొట్టు దాకా వెళ్ళకుండా వెనక్కి తిరిగిన మనిషి, ఆ 1890ల గళ్ళలో ఇంకేం రాయగలడు? నెమ్మదైన భాషలో రాసుకున్న ఉత్తరం జేబులోనే ఉండిపోయింది. ఆ ఒక్క మాట అట్ట మీదికొచ్చింది. సామాను చుట్ట దాచిన 1890లనీ ఈ అట్ట బయటపెడుతుంది. ఒక్కో గ్రాఫూ విడివిడిగా స్క్రీన్ మీద చూసేటప్పుడు ఇది తెలియదు, ప్యారిస్‌లో రెక్కలు తిప్పుకుంటూ వెళ్ళినవాళ్ళకి ఒకటి చూసిన చేయి ఆరకముందే రెండోది వచ్చేది. నాకు సామాను అట్ట ఒక్కటే ట్విటర్‌లో ఎదురుపడింది, చాలామందికి అంతే. అందుకే అది ‘అందమైన డిజైన్’ అయిపోయింది.

ఇంతా చేస్తే ఏమైంది? బంగారు పతకం వచ్చింది. ప్రదర్శనని మరుసటి ఏడు బఫెలోలో మళ్ళీ పెట్టారు. 1906లో అట్లాంటాలోనే తెల్లవాళ్ళ మూకలు నల్లజాతి పేటల మీద పడి చంపాయి. 1908లో జార్జియా తన రాజ్యాంగాన్ని సవరించి నల్లవాళ్ళ ఓటు దాదాపు పూర్తిగా తీసేసింది. 1910లో డు బోయ్స్ యూనివర్సిటీ వదిలి న్యూయార్క్ వెళ్ళి, ఎన్.ఎ.ఎ.సి.పి. తరఫున ‘ది క్రైసిస్’ పత్రిక నడపడం మొదలుపెట్టాడు. లెక్కలు మానలేదు గానీ, తెలియజెప్తే చాలన్న పాత నమ్మకం మాత్రం ఆయనతో న్యూయార్క్ వెళ్ళలేదు. 1946లో, అమెరికా నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టారని తెలిసి, దాని ప్రతి కావాలని అంబేడ్కర్ ఆయనకి ఉత్తరం రాశాడు. డు బోయ్స్ జవాబిచ్చాడు. ఆ రెండు ఉత్తరాలూ చిన్నవే. ఇద్దరూ లెక్కలు బాగా తెలిసినవాళ్ళు, ఇద్దరూ లెక్కలతోనే పని జరగదని తెలుసుకున్నవాళ్ళు. 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరుగుతున్నప్పుడు, విడదీసి లెక్కపెట్టడం దేనికి అని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకాయన అడిగారు. నాకు చప్పున ఆ జార్జియా పన్ను పద్దులే గుర్తొచ్చాయి. కానీ లిఫ్టు మూడో అంతస్తు దాకానే వెళ్ళేది, చెప్పడానికి వ్యవధి లేకపోయింది.

ఈ మధ్య స్కాన్లని బాగా పెద్దవి చేసి చూస్తున్నాను. అక్షరాల కింద పెన్సిల్ గీతలు కనిపిస్తాయి, వరస తప్పకుండా ముందు లాక్కున్నవి. రెండో వరస అట్టల మొదటి దాని మీద ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ శీర్షిక ఉంది, ఇవి అట్లాంటా యూనివర్సిటీ ఆధ్వర్యంలో నల్లజాతి విద్యార్థులు తయారు చేసి గీసినవని కూడా ఉంది. విలియం ఆండ్రూ రోజర్స్ అనే పూర్వ విద్యార్థి పేరు చరిత్రకారులు చెబుతారు. నాకు కనిపించినంతలో అట్టల మీద ఎవరి సంతకమూ లేదు. పెన్సిల్ గీత అక్కడక్కడా అక్షరం దాటి కొంచెం ముందుకి వెళ్ళింది, దాన్ని ఎవరూ చెరపలేదు.